గురువారం ఎంట్రీ

“ఇన్నాళ్లూ మీ బావ పేరు మీద చేపలు పడతంది నువ్వా?” అంది కోటమ్మ.

యేసుపాదం తలెత్తలేదు. నులకమంచం పట్టె మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. పన్నెండేళ్లుగా కోటమ్మ మొగుడు యల్లమంద బుట్టపడవ పక్కనే తన పుట్టి వేసుకుని రిజర్వాయరు మీద తిరిగిన మనిషి. యల్లమందను బావా అనీ, కోటమ్మను అక్కా అనీ పిలిచే మనిషి. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా ఈ ఇంట్లో కూర కుదరని రోజున ఆ ఇంటి నుంచి గిన్నె వచ్చేది.

“నిన్నే అడుగుతంది. స్టేషన్లో రైటరు నా మొహం మీదే చెప్పాడు. నీ మొగుడు ఎక్కడికీ పోలేదమ్మా, రోజూ పట్టిన చేపల లెక్క ఫోన్లో పంపిస్తన్నాడు, కంప్యూటర్లో కనపడతంది, మొగుడూ పెళ్లాల గొడవలకి మా దగ్గరికి రామాకండి అన్నాడు. రెండుసార్లు పోతే రెండుసార్లూ తిప్పి పంపాడు. ఆ పంపేది నువ్వా, కాదా?”

“నేనే అక్కా.”

కోటమ్మ గోడకు జారగిలబడింది.

నిన్న ఆ రైటరు కసురుకున్నా ఆమెకు కోపం రాలేదు. పైగా దారి పొడవునా లోలోపల సంబరపడింది. కంప్యూటరు అబద్ధం చెప్పదు కదా, నీళ్ల మీద ఎక్కడో అలిగి తిరుగుతున్నాడేమో, ఏ తుమ్మచెట్ల లంకలోనో పొయ్యి రాజేసుకుని వండుకు తింటున్నాడేమో అనుకుంది. రాత్రి చాన్నాళ్లకు రెండు ముద్దలు మింగింది కూడా.

“ఎందుకు పంపావురా?”

“కొత్తగా పంపిందేముంది అక్కా. బావకి చదువు రాదు గదా. రెండేళ్ల నుంచీ ఆయనది నా ఫోన్లోనే నొక్కుతన్నా. సోమవారం ఆయన రాలేదు. మూడు రోజులకి మించి వరస పెట్టి ఏదీ పోకపోతే లైసెన్సు ఆపేస్తారు. ఎట్టాగూ రేపో మాపో ఇల్లు చేరతాడు, ఈలోపు లైసెన్సు ఊడిపోతే ఎట్టా అని నొక్కా. మంగళారం నొక్కా, బుధారం నొక్కా. గురువారం జరమొచ్చి లేవలేదు. నాదీ పంపలా, ఆయనదీ పంపలా. నిన్న మళ్లీ పంపా.”

“పుట్టి బోల్తాపడి దొరికిన తర్వాత కూడానా?”



సోమవారం పొద్దున్నే దొరికింది ఆ పుట్టి. సర్కారు తుమ్మల మొదట్లో, అడుగు పైకి తేలి. అందులో ఉండాల్సిన వల లేదు, తెడ్డు లేదు, మనిషి లేడు. ఆ ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, ఇదే వసారాలో మొగుడూ పెళ్లాలకు పెద్ద గొడవ. ఫోను నొక్కితేనే వేటంట, నాకు నొక్కటం రాదు, నా చేపలు ఇంకోడు చెప్పాలి, ఈ నీళ్లూ వద్దు ఈ బతుకూ వద్దు, వదిలేస్తా అన్నాడు యల్లమంద. వదిలేసి ఏం తింటావు అంది కోటమ్మ. మాటకు మాట పెరిగింది. చివరికి ఆమె నోటి వెంట రాకూడని మాట వచ్చింది. “పో, పోయి ఆ నీళ్లల్లోనే పడి చావు,” అంది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సంగతి కోటమ్మకు ఆరు రోజులుగా నిమిషానికోసారి తెలిసొస్తోంది.

“అట్టా అరవమాక అమ్మాయ్,” అన్నాడు కుర్చీలో కూర్చున్న అప్పారావు. చేపల సొసైటీ ప్రెసిడెంటు ఆయన, ఊరందరికీ బాబాయి. వచ్చిన దగ్గర నుంచీ కండువాతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. “వాడు చేసింది మంచికే గదా. పుట్టి బోల్తాపడిందంటే మనిషి పోయినట్టు కాదు. ఆదివారం రాత్రి పైనుంచి నీళ్లొదిలారు. ఒడ్డున బోర్లించి పెట్టిన పుట్టి అయినా తేలిపోయి ఉండొచ్చు.”

“ఉండొచ్చు, ఉండొచ్చు! ఆరు రోజులైంది బాబాయ్. మనిషేడి? నేను అడిగేది ఒక్కటే. ఈతగాళ్లని దింపి వెతికిచ్చమని. ఆ ఒక్క ముక్కకి అడ్డం పడింది ఎవరు? వీడు నొక్కిన నొక్కుడు గదా!”

అది నిజం. మేలు చేయబోతే కీడై కూర్చుంది. యేసుపాదం నొక్కబట్టే కంప్యూటర్లో యల్లమంద బతికి ఉన్నాడు, బతికి ఉన్నాడు కాబట్టే నీళ్లలో ఎవరూ వెతకడం లేదు.

యేసుపాదం గబుక్కున లేచాడు.

“స్టేషన్‌కి పోతా. పంపింది నేనేనని రాసిస్తా. అప్పుడు కేసు రాయక చస్తారా?”

“కూర్చోరా!” అప్పారావు గొంతు పెరిగింది. “రాసిస్తావా? ఏమని రాసిస్తావు? ఇంకోడి పేరు మీద దొంగ ఎంట్రీలు పెట్టానని రాస్తే నీ లైసెన్సు ఉంటదా? సరే, నీది పోయింది. ఆ తర్వాత అడగరా, యల్లమంద నంబరు నీకెట్టా తెలిసింది అని?”

నంబరు కథ ముగ్గురికీ తెలుసు. 

రెండేళ్ల కిందట గ్రామ సచివాలయంలో చేపల లెక్క పంపే యాప్ నేర్పిన రోజున, ప్రతివాడూ తనకంటూ నాలుగంకెల రహస్య నంబరు పెట్టుకోవాలన్నారు. ఉదాహరణకి ఒకటి రెండు మూడు నాలుగు అన్నారు. సొసైటీలో ఉన్న నలభై ముగ్గురూ ఆ ఉదాహరణనే బుద్ధిగా పెట్టుకుని ఇంటికొచ్చారు. మార్చాలని ఒక్కడికీ తోచలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. వల ఒడ్డెక్కక ముందు బరువు చెప్పకూడదని ఈ రేవులో తాతల నాటి పట్టింపు. నీళ్ల మీద లెక్క చెబితే కృష్ణమ్మ వింటుంది, విన్న మర్నాడు ఇవ్వదు. యాప్ ఏమో ఒడ్డుకు రాకముందే బరువు చెప్పమంటుంది. అటు డిపార్ట్‌మెంటు, ఇటు కృష్ణమ్మ. పెద్దలు కూర్చుని ఆలోచించి ఇద్దరికీ కోపం రాని మార్గం కనిపెట్టారు. ఎన్ని పడినా పది కిలోలని నొక్కడం. ఏమీ పడకపోయినా పదే, అసలు వేటకు పోకపోయినా పదే. పోని రోజున సున్నా నొక్కమన్నారు గాని, సున్నా నొక్కినవాడి వల సున్నా అవుతుందని ఎవరూ ఆ జోలికి పోలేదు. ఆ లెక్కన ఈ రేవులో రెండేళ్లుగా నలభై మూడు పుట్లకూ రోజూ సమానంగా, ఎక్కువ తక్కువ లేకుండా, పదేసి కిలోల చేపలు పడుతున్నాయి.

“అర్థమైందా?” అన్నాడు అప్పారావు. “నువ్వు దారం లాగితే వలంతా ఊడిపోద్ది. నలభై మూడు ఇళ్లు.”

“మరి మా ఇల్లో బాబాయ్?” అంది కోటమ్మ నెమ్మదిగా. “మాది ఇల్లు కాదా?”

అప్పారావు కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఊరు మునగకూడదనుకునే మనిషి. కాకపోతే ఊరి కోసం ఒక్కరు మునిగితే చూడలేని మనిషి కూడా. అందుకే అటూ ఇటూ కాకుండా కూర్చున్నాడు.

వంటగది గుమ్మం దగ్గర భవిత నిలబడి ఉంది. కోటమ్మ కూతురు. పిడుగురాళ్లలో ఇంటర్ రెండో సంవత్సరం. చేతిలో టీ గ్లాసుల పళ్లెం ఉంది. ఎప్పుడు తెచ్చిందో, ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు. టీ మీద మీగడ కట్టింది.

“మామా, టీ,” అంది.

“వద్దమ్మా,” అన్నాడు యేసుపాదం. చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. “బాబాయ్, మిగతా వాళ్ల సంగతి నేను చెప్పను. నా సంగతి ఒక్కటే చెప్తా. బావ నంబరు నాకు బావే చెప్పాడంటా, నా ఒక్కడిదే తప్పంటా. నా లైసెన్సు పోతే పోయింది. నీళ్లల్లో ఆయనున్నాడో లేడో తెలియకండా నేను ఆ నీళ్ల మీద వల ఎట్టా వేసేది? వేస్తే ఏం తగులుద్దోనని నాలుగు రోజుల నుంచీ చెయ్యి వణుకుతంది.”

చివరి మాట అనకుండా ఉండాల్సింది. అని, అన్నందుకు నాలుక కరుచుకుని, బయటికి నడిచాడు. బండి స్టార్టయిన శబ్దం వినిపించింది.

భవిత చేతిలోని గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. కోటమ్మ అది వింది గాని పట్టించుకోలేదు.

అప్పారావు కూడా లేచాడు. “నేను రేవుకు పోయి అందర్నీ నంబర్లు మార్చుకోమని చెప్పాలి,” అన్నాడు. గుమ్మం దాటి, మళ్లీ తిరిగి చూసి, “ఈతగాళ్లొస్తే మన పుట్లు కూడా దింపుతాం అమ్మాయ్. నేనే దగ్గరుంటా,” అన్నాడు. పాపం, ఆయన చెప్పగలిగింది అంతే.

*

అరగంటకు సైమా వచ్చింది. సచివాలయంలో చేపల అసిస్టెంటు. పాతికేళ్ల పిల్ల, స్కూటీ మీద వచ్చి, స్కార్ఫ్ విప్పుకుంటూనే మాట్లాడటం మొదలెట్టింది.

“యేసుపాదం గారు దారిలో ఆపి అంతా చెప్పాడు ఆంటీ. ఇంత పని చేసినాయన ముందే నాకు చెప్పొద్దా? సరే, స్టేషన్ వాళ్లు నా దగ్గర నుంచి కూడా లెటర్ అడుగుతారు. ఏ రోజు ఎక్కడి నుంచి పంపారో తీసి ఇవ్వాలి. మీ ఎదురుగా చూస్తేనే మంచిదని వచ్చా.”

మంచం మీద కూర్చుని ట్యాబ్ ఒళ్లో పెట్టుకుంది. కోటమ్మ పక్కన నిలబడింది. ఆ పలకలో ఏముందో ఆమెకు తెలియదు. తన మొగుడు బతికున్నాడా లేదా అన్నది మాత్రం అందరూ ఆ పలకనే అడుగుతున్నారని తెలుసు.

“ఇదిగో. సోమవారం, పది కిలోలు. మంగళవారం, పది. బుధవారం, పది.” సైమా వేలితో ఒక్కొక్కటీ పైకి తోస్తోంది. “గురువారం... శుక్రవారం, పది. మొత్తం అయిదు.”

“నాలుగు గదమ్మా,” అంది కోటమ్మ.

“అయిదు ఆంటీ.”

“వాడు నాలుగే అన్నాడు. గురువారం జరమొచ్చి పంపలేదన్నాడు.”

సైమా కనుబొమలు ముడిపడ్డాయి. గురువారం మీద నొక్కింది. కాసేపు చూసింది. ట్యాబ్‌ను దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూసింది.

“ఇదేంది? సున్నా ఉంది.”

“సున్నానా?”

“వేటకు పోలేదు, సున్నా. ఈ ఊరి నుంచి నేను వచ్చిన దగ్గర్నుంచి ఒక్క సున్నా చూడలేదు.”

యేసుపాదం సున్నా వేయడు. చచ్చినా వేయడు. ఈ రేవులో ఎవడూ వేయడు. మరి ఎవరు?

“ఎక్కడి నుంచి పోయిందో చెప్పిద్దా అమ్మా అది?”

“చెప్తుంది. ఉండండి.” సైమా మ్యాప్ తెరిచింది. సోమ, మంగళ, బుధ, శుక్రవారాల చుక్కలు నాలుగూ నీలం రంగులో, రిజర్వాయరు మధ్యలో ఉన్నాయి. అయిదోది అక్కడ లేదు. సైమా రెండు వేళ్లతో మ్యాప్‌ను జరుపుతూ పోయింది. నీళ్లు అయిపోయాయి, పొలాలు అయిపోయాయి, హైవే వచ్చింది.

“పిడుగురాళ్ల,” అంది. “బస్టాండు పక్కన. గురువారం పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి.”

పిడుగురాళ్లలో చేపలేంటి? రాళ్లూ, సున్నం, లారీలూ తప్ప అక్కడ ఏముంది? కోటమ్మకు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారిగా అర్థమైనట్టనిపించింది.

“బతికే ఉన్నాడు!” అంది. చేతులు జోడించింది. ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలియక సైమాకే పెట్టింది. “బతికే ఉన్నాడమ్మా. నీళ్లల్లో లేడు. నా తండ్రే, నీళ్లల్లో లేడు!”

“ఆంటీ, ఆగండి. తొందరపడొద్దు.” సైమా ఆమె చెయ్యి పట్టుకుంది. “అంకుల్‌కి ఈ ఫోన్లు నొక్కటం రాదన్నారు గదా. ఆయన దగ్గరుండేది చిన్న ఫోను. దాంట్లో యాప్ రాదు. ఎవరో నొక్కి ఉండాలి. ఆయన నంబరు తెలిసినవాళ్లు. ఆ రోజు ఆ టైముకి పిడుగురాళ్లలో ఉన్నవాళ్లు.”

సైమా మామూలుగానే అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. కాని అన్నాక ఆమె మాటకు ఆమే ఆగిపోయింది.

పొద్దున్న ఏడున్నర బస్సు. తొమ్మిదింటికి పిడుగురాళ్ల బస్టాండు. అక్కడి నుంచి కాలేజీకి నడక. ఆదివారం తప్ప రోజూ. ఇవాళ మాత్రం తలనొప్పి అని పోలేదు.

కోటమ్మ వంటగది వైపు తిరిగింది. భవిత అక్కడే ఉంది. పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది.

సైమా ట్యాబ్ మూసింది. “నేను బయట స్కూటీ దగ్గర ఉంటా ఆంటీ,” అని లేచింది. వెళ్తూ వెళ్తూ భవిత చేతిలోని పళ్లెం తీసుకుని కింద పెట్టింది.

*

“నువ్వా?” అంది కోటమ్మ. ఆ పూటకు రెండోసారి అదే ప్రశ్న.

భవిత ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. 

“నొక్కింది నేను. నొక్కమంది నాన్న.”

“ఎక్కడ కనపడ్డాడు?”

“బస్సు దిగేటప్పటికి నిలబడున్నాడు. నా కోసమే వచ్చాడంట. సున్నం బట్టీలో లోడింగుకి కుదిరాడు. చేతులు బొబ్బలెక్కాయి అమ్మా. గుడ్డలు చుట్టుకున్నాడు.”

కోటమ్మకు ఆ చేతులు కనిపించాయి. నీళ్లలో నాని నాని మెత్తబడ్డ చేతులు. వాటికి సున్నం ఏం తెలుసు? మరుక్షణం ఒళ్లు మండిపోయింది. బతికున్నందుకు సంతోషించాలో, బతికుండి ఇంత చేసినందుకు కొట్టాలో తెలియని కోపం అది. కొట్టడానికి ఎదురుగా ఆయన లేడు.

“మరి ఆ సున్నా ఏంది?”

“మూడు రోజులైంది, ఇయ్యాళ ఏదీ పోకపోతే లైసెన్సు పోద్ది, అది మీ అమ్మకి కూడు పెట్టేది, దాన్ని బతకనీ అన్నాడు. మామ పంపిస్తన్నాడని ఆయనకి తెలియదు. నాకూ తెలియదు. పది వెయ్యనా నాన్నా అన్నా. నీళ్ల మీద లేనోడికి పదేంది, సున్నా వెయ్యి అన్నాడు.”

“పుట్టి?”

“ఇక రానని ఒడ్డున బోర్లించి పోయాడంట. వల దాని కిందే పెట్టాడంట. నీళ్లొచ్చి తేలిపోయిన సంగతి నేను చెప్పిందాకా తెలియదు.”

“ఆ తర్వాత?”

భవిత పెదవి కొరుక్కుంది.

“చెప్పవే!”

“మీ అమ్మ నన్ను చావమంది గదా, చచ్చాననుకోనీ అన్నాడు.”

వసారాలోకి ఎండ వచ్చేసింది. కోటమ్మ అందులోనే కూలబడింది. ఎన్ని మాటలు అనుకోలేదు ఈ పద్దెనిమిదేళ్లలో! తనను ఆయన అనలేదా? ఆయనను తను అనలేదా? అన్నీ పొద్దుగూకేలోపు మరిచిపోయేవే. ఈ ఒక్కమాటను మూటగట్టుకుని పిడుగురాళ్ల దాకా మోసుకుపోయాడా ఈ మనిషి?

“రెండ్రోజులు,” అంది. “రెండ్రోజులు నేను గోడకి తల కొట్టుకుంటంటే చూస్తా కూర్చున్నావు. నిన్న కాలేజీ నుంచి రాగానే స్టేషన్‌కి నువ్వే తోడొచ్చావు గదే! ఈతగాళ్లని పంపండయ్యా అని నేను ఆళ్ల కాళ్లు పట్టుకుంటంటే పక్కనే నిలబడ్డావు. నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“ఒట్టు పెట్టించుకున్నాడు.”

“దేని మీద?”

“నీ మీద.” ఇప్పుడు ఏడ్చింది భవిత. “చెప్తే మీ అమ్మ నీకు దక్కదు అని చెయ్యి నా నెత్తిన పెట్టి ఒట్టేయించుకున్నాడు. నేనేం చేసేది అమ్మా? నాన్న పోయాడని నువ్వు ఏడుస్తన్నావు. చెప్తే నువ్వు పోతావేమోనని నాకు. ఇప్పుడు చెప్పేశాను గదా. ఇప్పుడేమన్నా అయితే?”

కోటమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కొట్టాలని ఎత్తిన చెయ్యే వీపు మీద నిమరడానికి పోయింది. పిల్ల ఒళ్లు వేడిగా ఉంది. తలనొప్పి అబద్ధం కాదు కాబోలు.

అప్పుడు తట్టింది ఆమెకు.

“మామ!” అంది. “యేసుపాదం! వాడు పోయి ఎంతసేపైంది? నువ్వు చూస్తానే ఉన్నావు గదే, వాడు చెప్పులేసుకుంటంటే! ఫోనియ్యి, ఫోనియ్యి!”

భవిత నంబరు కలిపి ఇచ్చింది. రింగు పోతోంది. ఒకసారి మొత్తం మోగి ఆగింది. రెండోసారి ఎత్తాడు. వెనక మనుషుల గొంతులు, జీపు చప్పుడు.

“అక్కా! నేనే చేద్దామనుకుంటన్నా. అయిపోయింది. రాసిచ్చా, సంతకం పెట్టా.” యేసుపాదం గొంతులో భయం లేదు. బరువు దించుకున్న మనిషిలా గబగబా మాట్లాడుతున్నాడు. “ఎస్సై గారు మొదట బాగా తిట్టాడు. లైసెన్సు తీసుకున్నారు, నా మీద కేసు కూడా రాస్తారంట. రాసుకోనీ. ఈతగాళ్లకి ఫోన్ చేశారు, బయల్దేరారు. అప్పారావు బాబాయి ముప్పై పుట్లు దింపించాడు. నేను కూడా పోతన్నా. బావ దొరికిందాకా ఒడ్డెక్కను అక్కా. నువ్వు భయపడమాక. అక్కా? వింటన్నావా?”

కోటమ్మ వింటోంది. నాలుగు రోజులుగా చెయ్యి వణుకుతున్న మనిషి ఆ చేత్తోనే సంతకం పెట్టాడు. నీ బావ నీళ్లల్లో లేడురా, పిడుగురాళ్లలో ఉన్నాడు అనాలి. అంత చిన్నమాటకు నోరు రాలేదు. అంటే వీడు తిరిగి ఏమంటాడు? సంతకాన్ని ఎవరు వెనక్కి తీసుకొస్తారు?

“అక్కా, ఏమన్నా మాట్లాడు.”

ఆమె ఫోను చెవి నుంచి తీసి కూతురి చేతిలో పెట్టింది.

“నువ్వే చెప్పు మామకి,” అంది.

భవిత తల్లి మొహంలోకి చూసింది. ఫోను చెవికి ఆనించుకుంది. “మామా...” అంది. ఆ పైన మాట రాలేదు. అవతల నుంచి యేసుపాదం గొంతు పైకే వినిపిస్తోంది.

“ఏడవమాక భవితమ్మా. సాయంత్రంలోపు నాన్నని ఇంటికి తీసుకొచ్చే పూచీ నాది.”